అనులేఖనమా, ప్రతిలేఖనమా? ఒక ఉపసర్గ దగ్గర ఆగిపోయాను

మూడో బెంచీ:
సభ్యులకు నమస్కారం. ముప్పయ్యేళ్ల నాటి ఒక వాక్యం నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. ఇంటర్‌లో జీవశాస్త్రం తెలుగు మాధ్యమంలో చదివాను. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారయ్యే (ఇంగ్లీషులో ట్రాన్‌స్క్రిప్షన్) పాఠం రోజున మా మాస్టారు బోర్డు మీద రాశారు: “మాతృక గడప దాటదు, దాని ...లేఖనమే దాటుతుంది.” ఆ చుక్కల చోట ‘అను’ ఉందా, ‘ప్రతి’ ఉందా? వెంటనే ఆయన తాళపత్రాల చివర లేఖకులు రాసుకునే శ్లోకం కూడా చదివారు, “యాదృశం పుస్తకం దృష్ట్వా” అని. నా నోట్సు ఇళ్లు మారడంలో పోయింది. ఆ కాలపు నోట్సు ఎవరి దగ్గరైనా ఉందా?

గంటం:
నోట్సు లేదు గానీ నా ఓటు ‘అను’కే. అనుసరణ, అనుకరణ, అనువాదం, అన్నీ ముందున్నదాని వెంట నడిచేవే. ఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్ కట్టే తరవాతి మెట్టును ‘అనువాదం’ అంటున్నాం కదా. అదే లిపిలో ఉన్నంతసేపు అనులేఖనం, వేరే భాషలోకి పోతే అనువాదం. జంట కుదిరింది. అన్నట్టు, శ్లోకంలో నేను విన్నది ‘దృష్టం’. మీ మాస్టారు ‘దృష్ట్వా’ అనే చదివారా?

పిపెట్టు:
రోజూ ఈ పనిలోనే ఉండేదాన్ని కాబట్టి చెబుతున్నాను, అది ‘ప్రతి’యే. డీఎన్‌ఏలో ఉన్నవి రెండు పోగులు, వాటి మీద ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలు. ఆర్‌ఎన్‌ఏలో టీ బదులు యూ. ఆర్‌ఎన్‌ఏను రాసే ఎంజైము, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, చదివేది ఒక్కదాన్నే, మాతృక పోగును. అక్కడ టీ ఉంటే ఆర్‌ఎన్‌ఏలో ఏ పడుతుంది, ఏ ఉంటే యూ, సీ ఉంటే జీ, జీ ఉంటే సీ. టీ-ఏ-సీ అన్న మూడక్షరాల ఎదుట ఏ-యూ-జీ వస్తుంది. దిక్కు కూడా ఎదురే. పోగు రెండు కొసలకూ 5′, 3′ అని పేర్లు. మాతృకను 3′ నుంచి 5′ వైపు చదువుతుంటే ఆర్‌ఎన్‌ఏ 5′ నుంచి 3′ వైపు పెరుగుతుంది. ఇందులో వెంట నడిచే అక్షరం ఏదీ? అన్నీ ఎదురుగా నిలబడేవే. ప్రతిబింబం, ప్రతిధ్వని, ప్రతివాది వరసలోది ఈ మాట.

గంటం:
రెండో పోగును మరిచారు. ఎదుటి పోగులో ఆ చోట ఏ-టీ-జీ ఉంటుంది. మీ ఏ-యూ-జీ దానికి సరిగ్గా సరిపోతుంది, టీ చోట యూ ఉండడం తప్ప. ఫలానా జన్యువు అక్షరాలివీ అని మీవాళ్లు అచ్చువేసేది కూడా ఆ పోగునే. ముద్రటుంగరం మీద అక్షరాలు తిరగేసి చెక్కుతారు, లక్క మీద నొక్కితే సూటిగా పడతాయి. లక్క మీది మాటను తిరగబడిన మాట అని ఎవరైనా అంటారా? ఆర్‌ఎన్‌ఏ తాకేది మాతృకనే అయినా అది పలికేది ఎదుటి పోగు మాట. అందుకే ‘అను’.

పిపెట్టు:
ఉంగరం పోలిక బాగుంది, రేపు పిల్లలకు ఇదే చెబుతాను. కానీ పేరు తాకినదాన్ని బట్టి పెట్టాలంటాను. ఎదుటి పోగును పాలిమరేజ్ చదవనే చదవదు.

పాత పంతులు:
మీరిద్దరూ ఉపసర్గ దగ్గర పెనుగులాడుతున్నారు. నా అనుమానం ‘లేఖనం’ మీద. బడిలో రెండు రాతలు నేర్పేవాళ్లం, చూచిరాత, ఉక్తలేఖనం. చూచిరాతలో పిల్లవాడు కంటికి కనబడిన గీతను దింపుతాడు. ఉక్తలేఖనంలో విన్నదాన్ని తన అక్షరాల్లో పెడతాడు. టీ చోట యూ పడిందంటే అది చూచిరాత కాదు. తిక్కన చెబుతుంటే గురునాథుడు రాసిన రాత అది. తడుముకోకుండా చెప్పుకుపోతున్న మహానుభావుడు ఒకచోట ఆగి “ఏమి చెప్పుదుం గురునాథా” అంటే ఆ వ్రాయసకాడు దాన్నీ రాసేశాడు. తీరా చూస్తే సంజయుడు ధృతరాష్ట్రుడితో అన్న మాటగా అమరిపోయింది. చెప్పుదున్, కురునాథా. ‘కు’ కాస్తా ‘గు’ అయింది. ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు. అంటే ‘న్’తో ముగిసే మాట తరవాతి క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలవుతాయి, అదే సరళాదేశం. తప్పు రాత కాదు, సూత్రం. టీ యూ కావడం కూడా నా కంటికి సరళాదేశమే.

పెన్నొడ్డు:
మాస్టారూ, నమస్కారం. మా నెల్లూరు కథ ఎత్తారు కాబట్టి ఊరుకోలేను. ‘గు’ తిక్కన నోటి నుంచి వచ్చిందే. ఆయన పిలిచింది ఎదురుగా కూర్చున్న గురునాథుణ్ణి. వ్రాయసకాడు అక్షరం పొల్లుపోకుండా దింపాడు. ఆ ‘గు’ వెనక ‘కు’ను విన్నది చదివినవాళ్లు. అంటే తిక్కన దగ్గర అక్షరం మారకుండా అర్థం మారింది. కణంలో అక్షరం మారినా అర్థం మారడం లేదు. పోలిక తలకిందులుగా ఉంది. ఇంకొక మాట, ‘వ్రాయసం’ అని ఇంత చక్కని తెలుగు పదం ఉండగా ఈ ప్రక్రియకు ఏ ఉపసర్గా అక్కర్లేదు.

పాత పంతులు:
పెన్నొడ్డు గారూ, తలకిందులన్న సంగతి ఒప్పుకుంటున్నాను. నలభై ఏళ్లు ఆ కథ చెప్పినా ‘గు’ ఎవరి నోటిదో ఆలోచించలేదు. ‘వ్రాయసం’ మాత్రం ఒప్పుకోను. అది మనిషి చేసే కొలువు.

పిపెట్టు:
సరళాదేశమైతే దానికి కారణమూ చెప్పుకోవాలి. థైమిన్ (టీ) అంటే మిథైల్ అనే చిన్న అణువుల గుంపు తగిలించిన యురాసిల్ (యూ). డీఎన్‌ఏలోని సిటోసిన్ (సీ) అప్పుడప్పుడు తనంతట తానే చెడి యురాసిల్ అవుతుంటుంది. డీఎన్‌ఏలో యూ కనబడితే అది చెడిన సీ అని గుర్తుపట్టి మరమ్మతు ఎంజైములు తీసేస్తాయి. అసలు అక్షరమే యూ అయితే మంచిదేదో చెడిందేదో తేలదు. అందుకని తరతరాలు దాచే గ్రంథంలో టీ ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ చాలావరకు నిమిషాలో గంటలో ఉండి పోయేది, దానికి యూ చాలు. పసుపు పూసి అటక మీద దాచిన తాటాకుల కట్ట అది, చేతిలో చీటీ ఇది.

గంటం:
చీటీ అన్నారు కాబట్టి శ్లోకం రెండో సగానికి వద్దాం. “అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే.” ఇక్కడి అబద్ధం మన తెలుగు అబద్ధం కాదు, పొందిక లేనిది అని. ఎలా ఉన్నదాన్ని అలా రాశాను, దోషం నాది కాదు అంటున్నాడు లేఖకుడు. కణంలోని లేఖకుడూ అలాగే తప్పుకుంటాడా?

పిపెట్టు:
తప్పుకోడు. తప్పు అక్షరం పడితే పాలిమరేజ్ ఒక అడుగు వెనక్కి జరిగి, ఆ కొసను తెంచి, మళ్లీ రాస్తుంది. ఇంత చేసినా సుమారు 10 వేల నుంచి లక్ష అక్షరాలకు ఒక తప్పు దొర్లుతుంది. అదే డీఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు, దిద్దుబాట్లన్నీ అయ్యాక, దాదాపు 100 కోట్లకు ఒకటి. ఈ.కోలై అనే బాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ రాత వేగం సెకనుకు 40, 50 అక్షరాలు. 1969లో మిల్లర్, బీటీ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఈ రాతను జరుగుతుండగానే పట్టుకున్నారు. న్యూట్ అనే ఉభయచరం గుడ్డు కణాల్లో, ఒకే జన్యువు మీద వరసగా పదుల కొద్దీ పాలిమరేజ్‌లు, ఒక్కోదాని నుంచి వేలాడుతూ ఒక్కో ఆర్‌ఎన్‌ఏ. ఒక కొసన పొట్టివి, పోను పోను పొడుగువి. దాన్ని క్రిస్మస్ చెట్టు అంటారు. ఆ బొమ్మ చూసిన ప్రతిసారీ నాకు కొబ్బరి మట్టే కనబడుతుంది.

మూడో బెంచీ:
నా ప్రశ్న పక్కకు పోయినా బాధ లేదు, ఇంకా చెప్పండి. పిపెట్టు గారూ, మా నాన్నగారు టీబీకి రిఫాంపిసిన్ వాడారు. మూత్రం నారింజ రంగులోకి మారితే ఇంట్లో అందరం హడలిపోయాం. అది మందు రంగేనని, ఆ మందు సూక్ష్మజీవి పాలిమరేజ్‌ను పట్టుకుని రెండు మూడు అక్షరాలు దాటి రాయనివ్వదని ధైర్యం చెప్పింది ఈ మాస్టారే. “వాడి వ్రాయసకాడి గంటం విరిచాం” అన్నారు. పెన్నొడ్డు గారి ‘వ్రాయసం’ చూడగానే అది గుర్తొచ్చింది.

మీ వాదనలు చదివాక నిన్నంతా ‘అను’ అని వినబడింది, ఇవాళ పొద్దున లేస్తే ‘ప్రతి’ అని వినబడుతోంది. ఒకే ఒక్క ఆనవాలు మిగిలింది. మాస్టారు క్రావడిని పెద్దగా చుట్టేవారు, సుద్దముక్క కిర్రుమనేది. ఆ రోజు బోర్డు మీద అలాంటి చుట్టు ఒకటి కళ్లకు కడుతోంది. కానీ కింది వాక్యంలో ‘ప్రోటీన్’ కూడా ఉంది.

పాత పంతులు:
క్రావడిని అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టేవారా, కింద కుడివైపున పెట్టేవారా? ఎడమనుంచి చుడితే ‘ప్ర’ మొత్తాన్నీ కమ్మేస్తుంది. ‘ప్రో’ అయితే పైన ఓత్వం కూడా కనబడాలి. చుట్టుకు పైన ఏమైనా ఉన్నట్టు గుర్తుందా?