నల్లరేగడికి మిల్లు ఊక బూడిద పనికొస్తుందా?

మా స్థలమంతా నల్లరేగడి. ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలు, వానకి ఉబ్బిపోయి ఒకటే జిగట. పునాది ఇంజనీరు చెప్పినట్టే వేస్తాం. వాకిలి గచ్చు కింద మాత్రం వరి ఊక బూడిద, సున్నం కలిపి దిమ్మిస కొట్టిద్దామని ఉంది. బూడిదలో సిలికా దండిగా ఉన్నా కాల్షియం తక్కువ, సున్నం లేకుండా పట్టదని తెలుసు. నా టెన్షన్ అంతా బూడిద గురించే. మిల్లు బాయిలర్ నుంచి నల్లగా వస్తోంది, నలిపితే కాలని ఊక ముక్కలు వేళ్లకి తగులుతున్నాయి. కార్బన్ ఇంత ఉంటే వాడొచ్చా? జల్లెడ పడితే చాలా, మళ్లీ కాల్చాలా? మరీ ఎక్కువ వేడిలో కాలిస్తే సిలికా స్ఫటికంగా మారి చురుకు తగ్గుతుంది కదా! సీబీఆర్ పరీక్షకి (నేల ఎంత బరువు మోస్తుందో చూసేది) నమూనాను 4 రోజులు నానబెట్టే ముందు ఎన్నాళ్లు క్యూరింగ్ చేయాలి? సైట్‌లో చేసినవాళ్లు పాళ్లు కూడా చెప్పండి.