అభిమానుల సంఘం సేకరణ డబ్బా మీద క్లబ్ లోగో ఉండాలా?

ఆఫ్‌సైడ్:
ఫుట్‌బాల్ అభిమానులు ఫుడ్‌బ్యాంకులతో (పేదలకు ఉచితంగా సరుకులిచ్చే కేంద్రాలతో), బడులతో కలిసి పనిచేయడం మంచిదే. కానీ క్లబ్ పేరు తగిలించుకోవద్దనేది నా వాదన. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో 2015లో ప్రత్యర్థి క్లబ్‌లైన ఎవర్టన్, లివర్‌పూల్ అభిమానులు కలిసి ఫుడ్‌బ్యాంకులకు సరుకుల సేకరణ మొదలుపెట్టారు. డబ్బా మీద ఒక క్లబ్ గుర్తే ఉంటే రెండోవాళ్లు అటు తొంగిచూసేవారా?

కార్నర్ జెండా:
లోగో లేని డబ్బాలో ఎవరు నమ్మి వేస్తారండీ?

త్రో-ఇన్:
లోగో ట్రేడ్‌మార్క్. రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదు. అంతే.

పాత స్టాండ్:
లోగో దగ్గరే ఆగిపోయారేంటి? 2002లో లండన్‌లోని వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి ఇచ్చేసరికి అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే సొంత క్లబ్ పెట్టుకున్నారు. అట్టడుగు లీగుల నుంచి ఎదిగి, 2020లో సొంత పేటలోని ప్లౌ లేన్ మైదానానికి తిరిగొచ్చారు. అదే ఏడాది కరోనా కాలంలో ఆ అభిమానులే ఇంటింటికీ సరుకులు చేరవేశారు. క్లబ్, పేట ఒకటేనని వాళ్లు అనుకున్నారు కాబట్టే అది జరిగింది. మీరేమో రెంటినీ విడదీస్తున్నారు.

ఆఫ్‌సైడ్:
అక్కడ క్లబ్ అభిమానులదే. మాకు యజమాని వేరు. మా సంఘం బడి పిల్లలకు బూట్లు సేకరించింది. పంచే రోజు క్లబ్ ఫోటోగ్రాఫర్ వచ్చి మమ్మల్ని పక్కకు జరగమన్నాడు, ఇద్దరు ఆటగాళ్లను నిలబెట్టి ఫోటోలు తీసుకుపోయాడు. వార్షిక నివేదికలో అది క్లబ్ సేవా కార్యక్రమమైంది. ఫోటోలో అట్టపెట్టెల మీద సైజులు రాసిన మా చేతిరాత మాత్రం చక్కగా కనిపిస్తోంది.

కార్నర్ జెండా:
పిల్లలకు బూట్లు అందాయా లేదా?

ఆఫ్‌సైడ్:
అందాయి. నేనడిగేది అది కాదు.

పాత స్టాండ్:
ఫోటోలో లేననేగా నీ ఏడుపు! దానికింత సిద్ధాంతమా?

ఆఫ్‌సైడ్:
నోరు అదుపులో పెట్టుకోండి. ఆ తర్వాతి సీజన్లో టికెట్ ధరలు పెంచితే మేం అడ్డు చెప్పాం. క్లబ్ వాళ్లేమో "మనం భాగస్వాములం కదా, బయట అల్లరెందుకు" అన్నారు. డబ్బాలు మోసేటప్పుడు భాగస్వాములం, ధర పెంచేటప్పుడు కాదు.

పాత స్టాండ్:
అలా చెప్పండి మరి. మీకు కావాల్సింది బోర్డులో కుర్చీ. దానికి సేవను బేరం పెట్టకండి.

ఆఫ్‌సైడ్:
అవును, కుర్చీయే కావాలి. అడగడం తప్పా? జర్మనీలో 50+1 నియమం ప్రకారం క్లబ్ ఓట్లలో సగానికి మించి అభిమానులు సభ్యులుగా ఉన్న సంఘం చేతిలోనే ఉంటాయి. అక్కడ ఎవరినీ బతిమాలక్కర్లేదు.

పాత స్టాండ్:
కుర్చీ ఉంటే అన్నీ జరిగిపోతాయా? ఇంగ్లండ్ క్లబ్ పోర్ట్స్‌మత్‌ను 2013లో అభిమానులే దివాలా నుంచి కాపాడుకున్నారు. 2017లో ఆ వాటాదారులే ఓటేసి అమెరికా వ్యాపారవేత్త మైకేల్ ఐస్నర్ కంపెనీకి అమ్మేశారు. పై స్థాయికి పోవాలంటే డబ్బున్న యజమాని కావాలి. ఆయనతో తగువు పెట్టుకుంటే బడికి బంతి కూడా రాదు.

ఆఫ్‌సైడ్:
వాళ్లు ఓటేసి అమ్ముకున్నారు. మాకు వేయడానికి ఓటేదీ?

త్రో-ఇన్:
50+1కు లెవర్‌కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ క్లబ్‌లు మినహాయింపులు. రాసేటప్పుడు అది కూడా రాయాలి.