పోయిన ఉద్యోగాలకు బదులు పని చూపించడమా, అసలు పోకుండా ఆపడమా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండీ. సంక్షోభంలో లక్షల మంది ఒక్కసారిగా రోడ్డున పడితే ప్రభుత్వం ముందు ఏం చేయాలన్న విషయం చదువుతున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను.

1933లో అమెరికాలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తానే పనులు పెట్టింది. సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో చేరి అడవుల్లో మొక్కలు నాటిన కుర్రాళ్లకు నెలకు 30 డాలర్లు. అందులో సుమారు 25 డాలర్లు ఇంటికే వెళ్లేవి. ఈ నిబంధన నాకు చాలా నచ్చింది, ఒక్కడికి పని దొరికితే ఇంటిల్లిపాదికీ పొయ్యి వెలిగింది.

2009లో జర్మనీ దారి వేరు. మనుషుల్ని తీసేయకుండా పని గంటలు తగ్గించిన కంపెనీల కార్మికులకు, కోల్పోయిన జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం నిరుద్యోగ బీమా నిధి నుంచి అందింది. ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా కుంగినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. ఆ అక్టోబరులో అమెరికాలో అది 10 శాతానికి చేరింది.

కానీ ఇది ఉద్యోగం ఉన్నవాళ్లను కాపాడే పద్ధతి కదా? రోజు కూలీలు, అప్పుడే చదువు ముగించినవాళ్ల సంగతేంటి? నాకు ఎక్కువ బాధ వాళ్ల గురించే. వాళ్లకు 1933 తరహా పనులే దిక్కా?

రెండోది, 1937లో ప్రభుత్వం ఖర్చు తగ్గించాక అమెరికాలో నిరుద్యోగం మళ్లీ ఎగబాకింది. బ్యాంకులు డిపాజిట్లలో కొంత భాగం అప్పివ్వకుండా పక్కన పెట్టాలన్న నిల్వల నిబంధనను కఠినం చేయడం వల్లే అని కొందరంటారు. ఏది అసలు కారణం? సాయం ఎప్పుడు ఆపాలో ఏ లెక్కలు చూసి తేల్చుకోవాలి?