పవర్ లిమిట్ తగ్గిస్తే క్రాష్ ఆగింది: రోగం కుదిరినట్టా, వాయిదా పడినట్టా?

నల్లతెర:
మూడు నెలలుగా ఇదే గోల. గేమ్ మొదలుపెట్టిన 20 నిమిషాలకో గంటకో తెర నల్లబడుతుంది, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు హోరెత్తుతాయి. ఆ తర్వాత ఒక్కోసారి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ఒక్కోసారి కొన్ని సెకన్లకు డెస్క్‌టాప్ తిరిగొస్తుంది గానీ గేమ్ పోతుంది. సేఫ్ మోడ్‌లో డీడీయూ (డ్రైవర్‌ని పూర్తిగా తీసేసే టూల్) పెట్టి గ్రాఫిక్స్ డ్రైవర్ తుడిచి మళ్లీ వేశా, పాత వెర్షన్లు రెండు చూశా, చివరికి విండోసే కొత్తగా వేశా. ఫలితం లేదు. విసుగొచ్చి ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) పవర్ లిమిట్, అంటే కార్డు లాగగల కరెంటు హద్దు, 70 శాతానికి దించితే తొమ్మిది రోజులుగా ఒక్క క్రాష్ లేదు! ఇలాగే వదిలేయమంటున్నాడు మా తమ్ముడు. నాకే మనసొప్పట్లేదు. కార్డు 320 వాట్లది, పవర్ సప్లై 650 వాట్లది, సప్లై కొని ఆరేళ్లు.

రాత్రి రెండర్:
మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్ బ్రో. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెట్టి పడుకోవడం నా పని. రెండేళ్లుగా 75 శాతం మీదే నడుపుతున్నా, టైమ్‌లో పెద్ద తేడా లేదు. ఆ చివరి కాస్త స్పీడు కోసం కార్డు మింగే కరెంటు చాలా ఎక్కువ. నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు?

పాత మదర్‌బోర్డు:
నడుస్తున్నదాన్ని కెలకొద్దు సరే, నడవక కదా 70కి దించింది! నా ఓటు పవర్ సప్లైకి. 320 వాట్లు అనేది సగటు లెక్క. మిల్లీసెకన్ల పాటు కార్డు అంతకు చాలా మించి లాగుతుంది. 2022లో పవర్ సప్లైలకి వచ్చిన ఏటీఎక్స్ 3.0 స్పెసిఫికేషన్‌లో, సప్లై తన రేటింగ్‌కు రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని రాసింది ఈ తలనొప్పి వల్లే. మీది అంతకు ముందుది. మల్టీమీటర్ పెట్టి 12.1 వోల్టులు చూపిస్తోంది, అంతా బానే ఉందని మాత్రం అనొద్దు. ఆ వేగాన్ని మామూలు మీటర్ పట్టుకోలేదు.

చిట్కారావు:
ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. విండోస్ రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే (గ్రాఫిక్స్ చిప్ పలక్కపోతే విండోస్ ఆగే గడువు) 10 సెకన్లు పెట్టుకోండి, నాకు సమస్య పోయింది.

టంకం:
చిట్కారావు గారూ, అది సమస్య పోవడం కాదు, అలారం కట్టేయడం. విండోస్ విస్టా నుంచి ఉన్న ఏర్పాటు అది: గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లు పలక్కపోతే సిస్టమే డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. రెండర్‌లో ఒక పెద్ద లెక్క నిజంగానే ఎక్కువసేపు పట్టేవాళ్లకి గడువు పెంచడం అర్థవంతమే. గేమ్‌లో చిప్ బిగుసుకుపోతే మాత్రం 2 సెకన్ల బదులు 10 సెకన్లు నల్లతెర చూస్తారు, అంతే తేడా.

నల్లతెర గారికి: పవర్ లిమిట్ తగ్గిస్తే క్లాక్ (చిప్ స్పీడు) తగ్గుతుంది, వోల్టేజ్ తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, ఆ కరెంటు కుదుపులూ తగ్గుతాయి. నాలుగు మందులు ఒకేసారి మింగి ఏది పనిచేసిందో చెప్పమంటే ఎలా? తొమ్మిది రోజులు ఆగింది కాబట్టి సప్లైదే తప్పనీ అనలేం, కార్డుదే అనీ అనలేం.

అసలు మీరు రాసినవి రెండు వేర్వేరు జబ్బుల్లా ఉన్నాయి. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. డెస్క్‌టాప్ తిరిగొచ్చిన రోజుల్లో 4101 నంబరు ఎంట్రీ ఉండాలి, అంటే డ్రైవర్ ఆగి తేరుకుంది. రీస్టార్ట్ అయిన రోజుల్లో కెర్నల్ పవర్ 41 ఉంటుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ చూడండి. కోడ్ 278 (హెక్స్‌లో 0x116) అయితే నీలితెరే, రీసెట్ కూడా విఫలమైంది. సున్నా ఉంటే విండోస్‌కి మరణ వాంగ్మూలం ఇచ్చే టైమ్ కూడా దొరకలేదు, కరెంటు వైపు అనుమానం బలపడుతుంది.

పాత మదర్‌బోర్డు:
ఇది ఒప్పుకుంటా. ఒక్కటి కలపండి: డ్రైవర్ ఆగిందని మెసేజ్ వచ్చినంత మాత్రాన దోషి డ్రైవరూ కాదు, కార్డూ కాకపోవచ్చు. 2024లో ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ గుర్తుందా? వీడియో మెమరీ చాలట్లేదని గేములు ఎర్రర్ ఇస్తే జనం కార్డుల్ని తిట్టారు. తీరా చూస్తే ప్రాసెసర్లే అస్థిరం. ర్యామ్‌ని పెంచిన స్పీడులో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అదీ ఆపి చూడాలి.

నల్లతెర:
ఎక్స్ఎంపీ ఆపి, పవర్ 100 శాతానికి తెచ్చి చూశా, రెండో రోజే పడింది. లాగ్ చూశా. రీస్టార్ట్ అయిన ఐదుసార్లూ 41, కోడ్ సున్నా. మిగతావి 4101.

టంకం:
కార్డుకి రెండు 8 పిన్ ప్లగ్గులు కదా? రెండూ వేర్వేరు కేబుళ్లా, ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలా?

నల్లతెర:
ఒకే కేబుల్. రెండో కేబుల్ కొన్న డబ్బాలో కవర్ విప్పకుండా ఉంది, సిగ్గుగా ఉంది చెప్పడానికి. పాతది పీకితే సప్లై వైపు ప్లగ్గు సులువుగా రాలేదు. చూస్తే ఒక రంధ్రం అంచు కుంగిపోయి ఉంది, మిగతావి చదరంగా ఉంటే అదొక్కటే గుండ్రమైంది. ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన.

టంకం:
దాన్ని మళ్లీ పెట్టొద్దు. ఒక్కో 8 పిన్ ప్లగ్గుకి స్పెసిఫికేషన్ ప్రకారం 150 వాట్లు, స్లాటు నుంచి 75. మీ కేబుల్ రెండు ప్లగ్గుల భారం ఒక్కటే మోసింది, అందులో ఒక పిన్ను వదులైతే వేడెక్కి కూర్చుంటుంది. సప్లై వైపు సాకెట్ కూడా టార్చి వేసి చూడండి, నల్లబడితే సప్లై మార్చాల్సిందే. శుభ్రంగా ఉంటే కొత్త కేబుల్ వేరే సాకెట్‌కి పెట్టండి. వేరే కంపెనీ సప్లై కేబుల్ మాత్రం అస్సలు వాడొద్దు, ప్లగ్గు పట్టినా లోపల పిన్నుల వరస వేరు. అలా హార్డ్‌డిస్కులు కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు (ఒకడు నేనే).

నల్లతెర:
సాకెట్ శుభ్రంగానే ఉంది. డబ్బాలోని కేబుల్, ఇంకో విడి కేబుల్, రెండూ ఈ సప్లైవే, వేర్వేరు సాకెట్లకి పెట్టా. పవర్ 100 శాతం. ఆరు రోజులైంది, రీస్టార్ట్ ఒక్కటీ లేదు. కానీ ఒకే ఒక్క గేమ్‌లో 4101 రెండుసార్లు వచ్చింది. ఈసారి పవర్ ముట్టుకోకుండా కోర్ క్లాక్ మాత్రం 60 మెగాహెర్ట్జ్ తగ్గించా. మూడు రోజులుగా అదీ లేదు.

రాత్రి రెండర్:
అదిగో, చివరికి నేను చెప్పిన చోటికే వచ్చారు! తగ్గించి వాడుకోండి.

టంకం:
కాదు బ్రో. అప్పుడు ఏం తగ్గిస్తే ఏం ఆగిందో తెలీదు, కేబుల్ కాలుతూనే ఉండేది. ఇప్పుడు తెలుసు. కార్డు తయారీదారు ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసి పెట్టిన స్పీడు ఈ చిప్ మోయలేకపోతోంది. రాసిచ్చిన స్పీడులో నడవకపోతే అది లోపమే. వారంటీ ఉంటే ఎందుకు వదులుకోవాలి?

రాత్రి రెండర్:
మార్చి ఇచ్చేది కొత్తది కాకపోతే? రిపేరు చేసిన ఇంకొకరి కార్డు వస్తే? 60 మెగాహెర్ట్జ్ కోసం నేనైతే ఆ జూదం ఆడను.

నల్లతెర:
వారంటీ ఇంకా నాలుగు నెలలుంది. నా భయం వేరు. వాళ్లు పది నిమిషాలు ఫర్‌మార్క్ (కార్డు మీద భారం వేసే టెస్ట్) తిప్పి బానే ఉందని వెనక్కి పంపితే?

టంకం:
పంపొచ్చు. ఫర్‌మార్క్‌లో కార్డు పవర్ లిమిట్‌కి తగిలి క్లాక్ దానంతటదే దిగిపోతుంది, మీ కార్డు లోపం బయటపడేది పై క్లాక్‌లో. అందుకే ఏ గేమ్, ఏ సీన్, ఎన్ని నిమిషాలకు, ఆ క్షణంలో క్లాక్ ఎంత, అన్నీ కాగితం మీద రాసి, 4101 స్క్రీన్‌షాట్లు జతచేయండి. 60 తగ్గిస్తే ఆగుతుందన్న ముక్క మొదటి లైన్లోనే పెట్టండి.