పీవీసీ లేని సెలైన్ సెట్లు చేస్తున్నాం, ఆస్పత్రుల వాళ్లు కాస్త చెప్పండి

విశాఖ_మౌల్డర్: ముగ్గురం కలిసి పెట్టుకున్న చిన్న యూనిట్. ట్యూబు, చాంబరు, క్లాంపు అన్నీ ఒకే జాతి ప్లాస్టిక్‌తో సెట్టు చేశాం. పీవీసీ లేదు, మెత్తదనానికి కలిపే డీఈహెచ్‌పీ లేదు. పీవీసీకి రాసే జిగురు దీనికి పట్టదు, జాయింట్లతోనే ఆర్నెల్లు చచ్చాం. రెండు ప్రశ్నలు. ట్యూబు కాస్త గట్టిగా ఉంటే సిస్టర్లకు ఇబ్బందా? సెట్టుకి రెండు రూపాయలు ఎక్కువైతే కొంటారా?

పర్చేజ్_బాబాయ్: రెండు రూపాయలా! పావలా తేడాకి సప్లయర్‌ని మార్చిన మేనేజ్‌మెంటు బాబూ మాది. ఆ చవక సెట్టులో రోలర్ జారి సెలైన్ గబగబా ఎక్కేస్తే తిట్లు మాత్రం నాకు.

నైట్‌డ్యూటీ_సిస్టర్: ట్యూబు సంగతి తర్వాత. సూది తియ్యకుండా సెట్టు మొత్తం ఎర్ర కవర్లో పడేస్తున్నారు. మొన్న కవరు ముడేస్తుంటే మా ఆయమ్మ బొటనవేలికి గుచ్చుకుంది. ఏ పేషెంటుదో తెలీదు. హెచ్‌ఐవీ రాకుండా 28 రోజులు మాత్రలు, రోజూ వాంతులు. ముందు సూది దానంతటదే లోపలికి పోయేలా చెయ్యండి.

రూల్స్_రాజు: సింపుల్ సిస్టర్. కట్ చేసి సూది తెల్ల డబ్బాలో, ప్లాస్టిక్ ఎర్ర కవర్లో. ఆస్పత్రి చెత్త మీద 2016లో వచ్చిన రూల్స్ చదివితే చాలు. పదిహేనేళ్లుగా ట్రైనింగులిస్తున్నా.

నైట్‌డ్యూటీ_సిస్టర్: మా వార్డులో కట్టర్ బ్లేడు అరిగి నాలుగు నెలలైంది సార్. ఇంకోటి చెప్పండి, సూది అతికే వచ్చే సిరంజి దేంట్లో వెయ్యాలి?

రూల్స్_రాజు: ఎరుపే.

ల్యాబ్_కిట్టు: తప్పు. సూది అతికున్న సిరంజి మొత్తం తెల్ల డబ్బాలోకే. షెడ్యూల్ 1లోనే ఉంది, మీరు చదవమన్న రూల్సే.

రూల్స్_రాజు: కట్ చేశాక అన్నాను. తెలుగు రాదా?

ల్యాబ్_కిట్టు: ఇప్పుడే ఎడిట్ చేశారు. స్క్రీన్‌షాట్ ఉంది, పెట్టమంటారా?

కాలిఫోర్నియా_చెల్లి: మా రాష్ట్రంలో 2024లో చట్టం వచ్చింది. సెలైన్ సంచుల్లో 2030 నుంచి, ట్యూబుల్లో 2035 నుంచి డీఈహెచ్‌పీ కలపకూడదు. రక్తం సంచుల్లో కూడా ఆపేయాల్సింది!

ల్యాబ్_కిట్టు: అక్కడే ఆగండి అక్కా. నిల్వలో ఎర్రకణాలు పగలకుండా కొంత కాపాడేది ఆ డీఈహెచ్‌పీయే. రక్తం సంచికి సరైన ప్రత్యామ్నాయం అంత తేలిక కాదు.

రూల్స్_రాజు: ఇది నేనెప్పుడో చెప్పాను.

ల్యాబ్_కిట్టు: ఎక్కడ??

ఆటోక్లేవ్_ఆపరేటర్: గొడవ ఆపండి కాసేపు. నేను చెత్త ప్లాంటులో పనిచేస్తా. ఎర్ర సంచి విప్పితే ఇడ్లీ పొట్లం, రక్తం దూది, బొండం స్ట్రా. 121 డిగ్రీల్లో గంటసేపు ఉడికించి ముక్కలు చేస్తాం. అన్ని ప్లాస్టిక్‌లూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి కొనేవాడు సగం రేటే ఇస్తాడు. మౌల్డర్ గారూ, వంద సెట్లలో మీది ఒక్కటుంటే మాకు ఒరిగేదేం లేదు. ఒక ఆస్పత్రి మొత్తం మీదే వాడి, విడిగా కట్టి పంపితే అప్పుడు మాట్లాడదాం. పీవీసీ పొరపాటున కాల్చే చెత్త వేసే పసుపు సంచిలో పడి బట్టీకెళ్తే డయాక్సిన్లనే విష పదార్థాల గోల వేరే.

విశాఖ_మౌల్డర్: ఇది పనికొచ్చే మాట, థాంక్స్. ట్యూబు గట్టిదనం గురించి ఎవరూ చెప్పలేదు. సిస్టర్, ఆ కట్టర్ బ్లేడు కొలతలు పంపండి, మా మౌల్డు షాపులో కొత్తది కోయించి పంపిస్తా.

పర్చేజ్_బాబాయ్: ఆ బ్లేడు ఎంత పడుతుంది? మాకు ఆరు కావాలి. కొటేషన్ పెట్టు.