రెండు సర్వర్లూ తామే ప్రైమరీ అన్నాయి, తొమ్మిది బిల్లులకు నంబర్లు కలిసిపోయాయి

ప్రశ్న (పర్లాకిమిడి):
మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలూ నావే, కంప్యూటర్లూ నావే. దుకాణంలో ప్రైమరీ (బిల్లులు రాసే అసలు సర్వర్), కాశీనగర్ గోదాములో స్టాండ్‌బై (దాని నకలు). డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 16, స్ట్రీమింగ్ రెప్లికేషన్ (ప్రైమరీలో రాసింది వెంటవెంటనే స్టాండ్‌బైకి చేరుతుంది). దుకాణం సర్వర్ 30 సెకన్లు పలకకపోతే గోదాముది ప్రైమరీ అయ్యేలా స్క్రిప్టు రాసుకుని ఏడాదిగా మురిసిపోతున్నాను. మంగళవారం కాలువ తవ్వేవాళ్లు రెండింటి మధ్య కేబుల్ తెంపారు. దుకాణంలో సర్వర్ నిక్షేపంగా ఉంది. గుమాస్తా 2211 నుంచి 2251 దాకా బిల్లులు కొట్టాడు. గోదాములోనూ కొట్టారు, 2234 నుంచి 2242 దాకా. అక్కడ 2211 బదులు 2234 ఎందుకు వచ్చింది? దుకాణం సర్వర్‌ను పీజీ_రీవైండ్‌తో రెండూ విడిపోయిన చోటికి వెనక్కి తిప్పి, గోదాముకు నకలుగా చేసేయనా?

జవాబు (బరంపురం):
ఆగండి! తిప్పితే దుకాణంలోని 41 బిల్లులూ తుడిచిపెట్టుకుపోతాయి. ముందు రెండు వైపులా పీజీ_డంప్‌తో డేటా కాపీ తీసి పెట్టుకోండి. దుకాణాన్నే అసలుగా ఉంచి, గోదాములోని తొమ్మిదింటినీ చేత్తో ఎక్కించి, గోదామునే రీవైండ్ చేయండి. రీవైండ్‌కు అక్కడ చెక్‌సమ్‌లు గానీ వాల్_లాగ్_హింట్స్ గానీ (రెండూ పోస్ట్‌గ్రెస్ సెట్టింగులే) ముందే ఆన్‌లో ఉండాలి; లేకపోతే బేస్‌బ్యాకప్‌తో, అంటే దుకాణం డేటా మొత్తం కాపీతో, మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

గోదాము నుంచి చూస్తే సర్వర్ చచ్చినా, తీగ తెగినా ఒకేలా కనిపిస్తుంది. ఎవరు పోయారో తేల్చడానికి మూడో సాక్షి కావాలి. ఎవరు ప్రైమరీయో చూసుకునే ప్యాట్రోనీ పెట్టి, దానికి ఓట్లు లెక్కపెట్టే ఎట్‌సీడీని రెండు సర్వర్లతో పాటు ఒక పాత డెస్క్‌టాప్‌లోనూ నడపండి. అది వేరే లైను మీద ఉండాలి సుమా. మూడింట రెండు ఓట్లు దొరకని ప్రైమరీ తానే దిగిపోతుంది.

జవాబు (రాయగడ):
2234 సంగతి చెబుతాను. సీక్వెన్స్ (పోస్ట్‌గ్రెస్‌లో నంబర్లు ఇచ్చేది) 32 నంబర్లను ముందుగానే లాగ్‌లో రాసేస్తుంది; స్టాండ్‌బైకి తెలిసేది అలా రాసిన చివరి నంబరే, అందుకే మధ్యవి ఎగిరిపోయాయి. జీఎస్టీ బిల్లులు వరుసగా ఉండాలి కాబట్టి బిల్లు నంబరుకు సీక్వెన్స్ వాడకండి, విడి టేబుల్‌లో లెక్క ఉంచండి.

ఇక సాక్షులూ ఓట్లూ అంటారా, రాత్రి తొమ్మిదికి తలుపు వేసే దుకాణానికి అంత హంగామా ఎందుకండీ? స్క్రిప్టు పీకేసి, ఫోనులో కనుక్కుని, చేత్తో ప్రమోట్ చేయండి (స్టాండ్‌బైని ప్రైమరీగా మార్చండి). సింక్రోనస్ (స్టాండ్‌బైకి చేరాకే బిల్లు ఖాయమయ్యే పద్ధతి) జోలికి మాత్రం వెళ్లకండి. ఉన్న ఒక్క స్టాండ్‌బై కనబడకపోతే ప్రతి బిల్లూ కౌంటరు దగ్గరే నిలిచిపోతుంది.

పర్లాకిమిడి:
డంప్‌లు తీశాను, స్క్రిప్టు పీకేశాను. డెస్క్‌టాప్ విషయం యజమానితో మెల్లగా కదుపుతాను. గోదాము బిల్లుల్లో ఏడు కాశీనగర్‌లోనే ఉన్నాయి, నంబర్లు దిద్దడానికి కాగితాలు తెప్పించాను. రెండు గుణుపురం వెళ్లిపోయాయి. రేపు పొద్దున్నే బస్సెక్కాలి.