ద్విపదలో 'కోనేట మునిగి': యతి ఎలా దిద్దించాలి?

నార్కట్‌పల్లి, తెలుగు టీచర్: ఎనిమిదో తరగతికి ద్విపద (రెండేసి పాదాల పద్యం) చెప్పి, చెర్వుగట్టు (ఇక్కడి కొండ గుడి) జాతర మీద రెండు పాదాలు రాయమన్నాను. ఒక పాప ఇలా రాసింది:

ఎండలో నడిచొచ్చి కోనేట మునిగి
కొండపై గుడిలోన కొబ్బరి కొట్టె

ప్రాస, అంటే రెండు పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం, 'ండ'తో కుదిరింది. మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో లోపలి ఒక అక్షరం కలవడం) తప్పింది. పద్యం తనదిగానే ఉండేలా ఎలా దిద్దించాలి?

నాగర్‌కర్నూల్: ముందు పాపకు శభాష్ చెప్పండి మేడం, గణాలు ఒక్కటీ తప్పలేదు. గణం అంటే గురువు (పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరం), లఘువు (తక్కువ సేపు పట్టేది) కలిసిన గుంపు; బ్రాకెట్లో ఉన్నవి వాటి పేర్లు. ఎండలో (ర), నడిచొచ్చి (సల), కోనేట (త), మునిగి (న). మూడు ఇంద్రగణాలు (పెద్దవి), ఒక సూర్యగణం (చిన్నది): ద్విపద పాదం కొలత అదే. మూడో గణం మొదటి అక్షరం 'ఎ'తో కలవాలి, అక్కడ 'కో' వచ్చి కూర్చుంది. కింది పాదంలో కొండ, కొబ్బరి ఎలా కలిశాయో చూపిస్తే తనే పట్టేస్తుంది. 'యేటిలో మునిగి' అంటే సరి.

నల్లగొండ: గట్టు మీద ఏరెక్కడిది సార్? యతి కోసం ఏరు తవ్వుతామా! కోనేరును కదపకండి, మొదటి మాట మార్చండి:

గుండుతో నడిచొచ్చి కోనేట మునిగి

క, గ ఒకే వర్గం. ఉ, ఓ కూడా కలుస్తాయి. ప్రాస అలాగే ఉంది. మొక్కు తీర్చుకునేవాళ్లకు గుండు మామూలే.

నార్కట్‌పల్లి, తెలుగు టీచర్: 😀 క్లాసులో నవ్వులే నవ్వులు!

మహబూబ్‌నగర్: అసలు ఈ వయసుకు ఆటవెలది మేలు కదా? ప్రాస టెన్షన్ లేదు. వేమన మకుటం (ప్రతి పద్యం చివర వచ్చే పాదం) అందరికీ నోటికి వచ్చు. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ: ఐదూ సూర్యగణాలే, 'వి'కి 'వి' యతి.

నార్కట్‌పల్లి, తెలుగు టీచర్: ఆ నాలుగో పాదం వరకు బాగానే ఉంటుందన్నా. ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు అనగానే పిల్లలు తికమక పడతారు. ద్విపదలో అన్ని పాదాలకూ ఒకటే కొలత. బల్ల మీద తాళం వేస్తూ చదివిస్తే గణం ఎక్కడ విరుగుతుందో చెవికే తెలుస్తుంది. ఇంకా కష్టమైన ఉత్పలమాల పద్యాల జోలికి ఇప్పుడే వెళ్లను.

నాగర్‌కర్నూల్: ద్విపద మనకు కొత్తదా! మా పక్కనున్న నంది వడ్డెమాన్ పాతపేరు వర్ధమానపురం. దాన్ని ఏలిన గోన వంశంలో బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో యుద్ధకాండ వరకు రంగనాథ రామాయణం చెప్పింది ద్విపదలోనే. తర్వాతి కథ కొడుకులు పూర్తిచేశారు. ఇది కూడా పిల్లలకు చెప్పండి.

దేవరకొండ: చిన్న సందేహం. 'నడిచొచ్చి' వాడుక మాట కదా, 'నడిచి వచ్చి' అని రాయించొద్దా?

నల్లగొండ: అలా రాస్తే మూడు లఘువులు, ఒక గురువు, మళ్లీ లఘువు. అది ఏ ఇంద్రగణమూ కాదు. పాప చెవికి తట్టిందే ఉంచండి.